పల్లె తగలని దారి

ఫిబ్రవరి 12, గురువారం

హరిచరణ్ గారు ఫోన్ చేశారు. ఈసారి రైడుకి రూటు నన్నే వెయ్యమన్నారు. "క్రాంతి గారూ, మీరు చూపించే రోడ్లు ఇంకెవరూ చూపించలేరండి. ఒక్క హారన్ వినపడకూడదు, అంతే" అన్నారు. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఆయన విజయవాడలో పళ్ళ డాక్టరు. ఆయన గ్రూపువాళ్ళు కార్ల వెనక సైకిళ్ళు కట్టుకుని నందిగామ దాకా వస్తారు, ఇక్కడ దించుకుని తొక్కుతారు, మళ్ళీ కట్టుకుని వెళ్ళిపోతారు. మా ఆఫీసు అటెండరు పుల్లయ్య ఒకసారి చూసి, "సైకిలుకి కారెందుకు సార్, సైకిలెక్కొస్తే సరిపాయె గదా" అన్నాడు. నవ్వాను గానీ, ఆ గుంపులో ఉన్నప్పుడు నేనూ కారున్నవాడిలాగే మాట్లాడతాను. షుగరు బోర్డర్‌లో ఉందని చెబితే కొన్న సైకిలు ఇది. ఇంతమంది పెద్దవాళ్ళ స్నేహం తెచ్చిపెడుతుందనుకోలేదు.

లారీల్లేని దారులన్నీ మీకెలా తెలుసని అడుగుతుంటారు. ఇరిగేషన్ ఆఫీసులో పని కదండీ, కాలవల మ్యాపులు చూస్తుంటానని చెబుతాను. మ్యాపుల్లో డొంకలుండవు. ఆ డొంకల్లో చిన్నమ్మ వెనక అన్నం క్యారేజీ పట్టుకుని నడిచాను, అందుకని తెలుసు.

ఈసారి మునేరు వైపు వెయ్యమన్నారు. పెనుగంచిప్రోలు అవతల వాళ్ళ మేనత్త భారతీదేవిగారి ఊరుందట, మిరప తోటలట, దార్లో చూపిస్తారట. ఊరి పేరు చెప్పి, "ఎప్పుడైనా విన్నారా?" అన్నారు.

విన్నానండి అన్నాను. విన్నానట! నేను పుట్టి పెరిగిన ఊరు.

ఫిబ్రవరి 14, రెండో శనివారం

ఒక్కడినే వెళ్ళి దారి చూసుకొచ్చాను.

హైవే వదిలి లోపలి రోడ్డు పట్టుకున్నాక నాలుగు బండ్లు ఎదురైతే గొప్ప. పెనుగంచిప్రోలు ఆటోలు కూడా దాటాక ఇక చప్పుడే లేదు. చైను తిరిగే చప్పుడు, ఎక్కడో దూరంగా మందు కొట్టే మోటారు, అంతే. రెండు పక్కలా మిరప పండి ఎర్రగా ఉంది. గాలిలో ఆ ఘాటు. ఇలాంటి రోడ్డు మీద తొక్కుతుంటే నేను మంచివాణ్ణనిపిస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు గదా మరి.

మునేటి కట్ట దిగాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకి మా పల్లె. చర్చి, బోరింగు, చిన్నమ్మ ఇల్లు, అవి దాటాక ఊరు. కుడికి డొంక. చేల మధ్యగా పోయి సాగర్ కాలవ కట్ట ఎక్కుతుంది. కుడి దారే ఖాయం చేశాను. పల్లెలో సిమెంటు రోడ్డు పగిలిపోయి ఉంటుంది, వాళ్ళవి సన్న టైర్లు, పంక్చరవుతాయి. కుక్కలు కూడా ఎక్కువ.

రైడు వచ్చే ఆదివారం పొద్దున. అప్పుడు ఎలాగూ పల్లెంతా చర్చిలో ఉంటుంది. చేలల్లో మనిషి కనపడడు.

పల్లెలోకి వెళ్ళలేదు. వెళితే చిన్నమ్మ అన్నం పెట్టకుండా పంపదు. టైము లేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

చిన్నమ్మ ఫోన్. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే చేస్తుంది. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ కూడా తెలియదు. అమ్మ చెల్లెలు ఆదెమ్మే నన్ను పెంచింది.

"తామసూ, తిన్నావా? క్రిస్టీ తిన్నదా? ఇక్కడ కోతలు మా జోరుగా ఉన్నయ్యిరా. చేతులు మండిపోతన్నయ్యి" అంది. బుధవారం నుంచి ఈస్టరు ముందరి శ్రమకాలం మొదలు కదా, వచ్చే ఆదివారమైనా ఊరి చర్చికి రమ్మంది.

"పనుంది చిన్నమ్మా."

"ఆదివారం కూడానా?"

"అవును."

"పెద్దాఫీసరువైపోయావురా నాయనా" అని నవ్వింది. నేను జూనియర్ అసిస్టెంటుని.

బడి రికార్డులో క్రాంతికుమార్, చర్చిలో థామస్. మా పల్లెలో అందరికీ రెండేసి పేర్లుంటాయి. అదొక వింతని ఎవరూ అనుకోరు. గ్రూపులో మాత్రం నాది ఒకటే పేరు.

ఫిబ్రవరి 22, ఆదివారం

రైడ్ అయింది. అందరూ బ్రహ్మాండం అన్నారు. కాళ్ళు పీకుతున్నాయి. పడుకుంటాను.

ఫిబ్రవరి 23

దారి గురించి రాసి పెట్టుకోవాలి. మబ్బు పట్టి ఎండ తెలియలేదు. మునేటి కట్ట మీద అందరూ మాటలు మానేసి తొక్కారు. "ఇంత నిశ్శబ్దం డబ్బిచ్చినా దొరకదు" అన్నారు హరిచరణ్ గారు. లహరి అనే అమ్మాయి, గ్రూపులో అందరికన్నా చిన్నది, ఫోటోలు తీస్తూ వచ్చింది. డొంకలో కాసేపు ఆగాం. చేలో కోతలవుతున్నాయి. అక్కడి ఆడవాళ్ళతో రెండు మాటలు మాట్లాడారు. బయల్దేరాం. అంతే.

అంతే కాదు. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 24

రాస్తాను.

మబ్బు చూసి రైతులు భయపడ్డారు. వాన పడితే చెట్టు మీద పండిన కాయ మచ్చపడి పాడైపోతుంది. అందుకని ఆదివారమైనా సరే కోత పెట్టుకున్నారు. పాస్టరుగారు తెల్లారకముందే ఆరాధన ముగించి అందరినీ చేలకి పంపారు. కోతల్లో మబ్బు పట్టిన ఆదివారం ఎప్పుడూ అంతే. పల్లెలో పసిపిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. నాకూ తెలిసిందే, పల్లెకి పోక పోక మర్చిపోయాను. పల్లెని తప్పించుకుందామని డొంకలోకి తిప్పితే పల్లె మొత్తం డొంకలోనే ఉంది.

నేను ముందున్నాను. వెనక్కి తిప్పుదామంటే వెనకంతా వాళ్ళే. హెల్మెట్టు ఉంది, నల్లద్దాలు ఉన్నాయి, మూతికి గుడ్డ ఉంది. గుర్తుపట్టరులే అని తల వంచి తొక్కాను. లహరి ఆగి, "ఆంటీ, ఒక్క ఫోటో" అంది. అందరూ ఆగారు. నేనూ ఆగక తప్పలేదు. తీరా అది భారతీదేవిగారి చేనే.

సాలు మధ్య నుంచి ఒకామె నడుం ఎత్తింది.

"ఓరి తామసూ!"

నన్ను గుర్తుపట్టడానికి ఆమెకి నా మొహం అక్కర్లేదు. కోసిన కాయ అక్కడే వదిలేసి గట్టు మీదికొచ్చింది. మొహమంతా నవ్వు. కోతల రోజుల్లో చిన్నమ్మ నన్ను తాకదు. ఘాటు అంటుకుని కళ్ళు మండుతాయని చిన్నప్పటి నుంచీ అంతే. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని దగ్గరగా వచ్చి నిలబడింది.

"ఏంట్రా, చెప్పాపెట్టకుండా ఇట్టా వచ్చావు? ఈళ్ళంతా ఎవురు?"

హరిచరణ్ గారు నా వైపు తిరిగారు. "మీకు తెలుసా ఈవిడ?"

"లేదండి. ఎవరో అనుకుంటోంది" అన్నాను.

పక్కనే ఉంది. వింది. ఆ నవ్వు అలాగే కాసేపు మొహం మీద ఉండిపోయింది. తర్వాత నాతోనే చెప్పింది.

"అవునండి బాబూ. మావాడనుకున్నా. ఏమనుకోబాకండి, కళ్ళు సరిగ్గా ఆనటంలా."

వెనక్కి తిరిగి సాల్లోకి దిగింది. పక్క సాల్లో రత్నమణి అత్త నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. చిన్నమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి కిందికి వంచింది.

నన్ను అండి అంది. పుట్టిన దగ్గర్నుంచి ఒరే అన్న నోటితో.

యేసుని ఎరగనన్న పేతురుకి కోడైనా కూసింది. నాకు వెనక నుంచి హరిచరణ్ గారి సైకిలు బెల్లు మోగింది, పోదామని.

ఫిబ్రవరి 25

అంతమంది ముందు ఎవరైనా అదే చేస్తారు. చిన్నమ్మ అర్థం చేసుకుంటుంది. అర్థం చేసుకుంది కాబట్టే అలా అంది.

ఫిబ్రవరి 27

ఎవరూ చెయ్యరు.

మార్చి 1, ఆదివారం

సాయంత్రం చిన్నమ్మ ఫోన్ మా ఆవిడ క్రిస్టీకి వచ్చింది. నా ఫోన్ పక్కనే బల్ల మీద ఉంది. అరగంట మాట్లాడుకున్నారు. పప్పులో ఏమేసింది, ఆస్పత్రిలో క్రిస్టీకి నైట్ డ్యూటీలు తగ్గాయా లేదా, అన్నీ.

ఫోన్ పెట్టేసి క్రిస్టీ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఏం జరిగింది మీ ఇద్దరికీ?"

"ఏం లేదే."

"నువ్వు తిన్నావా అని అడగలేదు ఆవిడ. పెళ్ళయిన దగ్గర్నుంచి అది అడక్కుండా ఫోన్ పెట్టడం నేను చూళ్ళేదు."

కోతలు కదా, అలసిపోయి ఉంటుందిలే అన్నాను. క్రిస్టీ నమ్మలేదు. నేను ఆ మాట చాలా చక్కగా చెప్పాను, ఈ మధ్య అలవాటైంది.

మార్చి 5, గురువారం

గ్రూపులో మెసేజీ. మళ్ళీ అదే రూటు. పద్నాలుగో తారీకు, రెండో శనివారం. పని రోజైతే కోతలు ఖాయంగా ఉంటాయని, ఫోటోలు బాగా వస్తాయని లహరి ఆ రోజే పట్టుబట్టింది. భారతీదేవిగారు చేలోనే భోజనాలు పెడతారట. "మిమ్మల్ని చూసి వాళ్ళబ్బాయనుకున్న ఆంటీ సూపర్. ఆవిడతో ఈసారి సెల్ఫీ దిగాలి" అని రాసి నవ్వే బొమ్మలు పెట్టింది.

అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను.

మార్చి 8, ఆదివారం

ఊరికి వెళ్ళాను. సైకిలు మీదే. కట్ట దిగి ఎడమకి తిరిగాను. పల్లె రోడ్డు బాగానే ఉంది, ఎక్కడా పగల్లేదు. ఒక్క కుక్క తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంది.

చిన్నమ్మ బోరింగు దగ్గర బిందె తోముతోంది. "రా నాయనా" అంది. బిందె నేను ఎత్తుకోబోతే వద్దంది. అన్నం పెట్టింది. శ్రమకాలమని మాంసం లేదు, పప్పు, దోసకాయ పచ్చడి. దారి పొడుగునా కూడబలుక్కుంటూ వెళ్ళిన మాటలు మొదలుపెట్టాను.

"చిన్నమ్మా, ఆ రోజు..."

"అన్నం తినేటప్పుడు ఆ గోల ఎత్తబాకు."

తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. తువ్వాలు అందిస్తూ మెల్లగా అడిగింది.

"మళ్ళీ ఎప్పుడొస్తన్నారు మీవాళ్ళు?"

"ఎందుకు?"

"చెబితే ఆ రోజు నేను చేలోకి పోను. జ్వరమని కబురంపిస్తా. ఆ పూట నువ్వు తల నేలకేసుకుని తొక్కటం చూశాగా, కిందేమన్నా పడితే ఎట్టా? వచ్చినోళ్ళ ముందర నీ పరువు నీకుండాలి. నాదేముంది, ఒక్క రోజు."

కోపంగా అనలేదు. దెప్పినట్టు అనలేదు. రేపు నాకు ఏ చొక్కా ఇస్త్రీ చెయ్యాలో అడిగినట్టు అడిగింది. అదే నన్ను చంపింది.

వద్దు చిన్నమ్మా, నువ్వు రా, నేనే అందరికీ చూపిస్తా అనాలి. అది అనడానికే అంత దూరం తొక్కుకుంటూ వెళ్ళాను.

"వచ్చే శనివారం" అన్నాను.

మార్చి 9

వచ్చే శనివారం అన్నాను.

మార్చి 11

జ్వరం వచ్చినట్టు చెప్పి రైడు మానేస్తే బాగుండు అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, జ్వరం ఆమె తీసేసుకుంది.

మార్చి 14, రెండో శనివారం

ఎండ బాగా ఉంది. కట్ట దిగి కుడికే తిప్పాను. దూరం నుంచే చేను వెతికాను. తలలు కనపడ్డాయి, చిన్నమ్మ లేదు. చెప్పిన మాట నిలబెట్టుకుంది. నాకు గుండెల్లోంచి బరువు దిగి ఊపిరి హాయిగా ఆడింది. అబద్ధం ఆడినందుకు కన్నా ఆ హాయికే నేను ఎక్కువ సిగ్గుపడాలి.

మోటారు షెడ్డు నీడలో పట్టా పరిపించారు భారతీదేవిగారు. పులిహోర, వంకాయ కూర, పెరుగు. స్టీలు పళ్ళాలు. "తినండి బాబూ, మీరేం తినటం లేదు" అని నాకు మారు వడ్డించారు. లహరి చేను వైపు చూస్తూ, "ఆ రోజు ఆంటీ లేరా అండీ? ఈయన్ని వాళ్ళబ్బాయి అనుకున్నారే, ఆవిడ" అంది.

"ఆదెమ్మా? జ్వరమంట" అన్నారు ఆవిడ. "కోతలు నెత్తి మీదకొచ్చినప్పుడే వీళ్ళకి జ్వరాలొస్తాయమ్మా. అవతల కాయ రాలిపోతా ఉంటే. ఇన్నాళ్ళూ ఆదెమ్మ అట్టాంటిది కాదనుకున్నా. వచ్చే కోతకి వేరేవాళ్ళని చూసుకుంటా."

నోట్లో ముద్ద ఉంది. మింగాను.

"జ్వరం లేదండి ఆమెకి" అన్నాను. "ఆమె మా చిన్నమ్మ. నన్ను పెంచింది ఆమే. ఆ రోజు తెలియదని అబద్ధం చెప్పాను. ఈ రోజు నేను ఇటు వస్తున్నానని, మీ అందరి ముందు నా పరువు పోతుందని, తనే రాకుండా ఆగింది."

హరిచరణ్ గారు "అదేంటండీ, ముందే చెప్పొచ్చుగా" అని నవ్వబోయి, ఆ నవ్వు సగంలో ఆపేశారు. లహరి ఫోన్ బ్యాగులో పెట్టేసుకుంది. భారతీదేవిగారు నా చేతిలో పళ్ళెం వైపు చూశారు. తర్వాత నా మొహం వైపు చూశారు.

"నువ్వు మరియమ్మ కొడుకువా?"

అంతసేపూ మీరు అన్న మనిషి. అవునన్నాను. "ఓహో" అన్నారు. తిట్టలేదు, పొమ్మనలేదు. మారు మాత్రం మళ్ళీ అడగలేదు. అందరి పళ్ళేలూ పనామె వచ్చి తీసింది. నాది తియ్యబోయి ఆవిడ వైపు చూసి ఆగింది. నేనే తీసుకెళ్ళి పంపు కింద కడిగి పెట్టాను.

వాళ్ళు కాలవ కట్ట మీదికి బయల్దేరారు. నేను వెనక్కి తిప్పి పల్లెకి వచ్చాను. అంత వేగంగా ఎప్పుడూ తొక్కలేదు. చిన్నమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఏడుస్తుందేమో కూడా అనుకున్నాను, ఏడిస్తే ఏం చెప్పి ఊరుకోబెట్టాలో కూడా ఆలోచించుకున్నాను.

వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. చేట కింద పెట్టింది.

"భారతమ్మ గారి ముందర చెప్పావా?"

"అందరి ముందర."

"జ్వరం లేదని కూడానా?"

"అది కూడా."

"ఓరి నీ దుంప తెగ" అంది. "ఇన్నేళ్ళ బట్టి ఆ చేలో చేస్తన్నా. ఒక్కనాడు ఆమెకి అబద్ధం చెప్పిన దాన్ని కాదు. నీకోసం చెప్పా. ఇప్పుడు ఆమెకి మొహం ఎట్టా చూపించేది? నా చేత అబద్ధమాడించి, నువ్వెళ్ళి నిజం చెప్పొచ్చావా?"

మంచిపని చేసి వచ్చానన్న పొంగు చన్నీళ్ళు చిలకరించిన పాలలాగా దిగిపోయింది. నిజమే. నా సిగ్గు నేను కడుక్కుని, ఆ నీళ్ళు తెచ్చి ఆమె వాకిట్లో పోశాను.

"సోమవారం నేనూ నీతో చేలోకి వస్తా" అన్నాను.

"సైకిలెక్కా?" అంది. చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

మార్చి 15, ఆదివారం

ఊరి చర్చికి వెళ్ళాం, క్రిస్టీ కూడా. చిన్నమ్మ నాతో ఎక్కువ మాట్లాడలేదు. రేపటికి సెలవు పెట్టాను. హరిచరణ్ గారు ఫోన్ చెయ్యలేదు. గ్రూపులో నిన్నటి ఫోటోలు వచ్చాయి, బాగున్నాయి. నేను ఏ ఫోటోలోనూ లేను.

మార్చి 16, సోమవారం

నడిచే వెళ్ళాం. చిన్నమ్మ ముందు, నేను వెనక. డొంకలో రత్నమణి అత్త కలిసి, "ఏం అల్లుడా, ఇయ్యాళ నల్లద్దాలు మర్చిపోయావా?" అంది. వెనక ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాలని చూశాను, కుదరలేదు. చిన్నమ్మ నవ్వలేదు. దారి పొడుగునా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన చేసుకుంటోందో, చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటోందో.

అందరూ సాళ్ళు పట్టుకునేటప్పటికి భారతీదేవిగారు గట్టు మీదికొచ్చారు. గొడుగు వేసుకుని ఉన్నారు. నన్ను చూసి చూడనట్టు ఊరుకున్నారు.

"ఏమే ఆదెమ్మా, తగ్గిందా జ్వరం?"

నేను నోరు తెరిచాను. "నువ్వుండు" అంది చిన్నమ్మ. ఈసారి తన మాట నన్ను చెప్పనివ్వలేదు. కొంగు నడుముకి దోపుకుని, చేలో అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"జ్వరం రాలేదమ్మగారూ. అబద్ధమాడా, తప్పే. నేనంటే మావాడికి సిగ్గేసింది. అందుకని రాలా."

కాయ కోసే చేతులన్నీ ఆగాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. వంచకూడదని మాత్రం అనుకున్నాను, ఎత్తే ఉంచాను. భారతీదేవిగారు ఆమె వైపు, నా వైపు చూశారు.

"మరి ఇప్పుడో?" అన్నారు చివరికి.

చిన్నమ్మ ఒక ఖాళీ సంచి నా చేతికిచ్చి, తన పక్క సాలు చూపించింది.

"పోయిందంటన్నాడమ్మా" అంది. "చూద్దాం."